చిత్రానికి అక్షర రక్ష

ఉద్దేశం

డిజిటల్ ఛాయాచిత్రంలో దాని వివరాలను ఎందుకు, ఎక్కడ, ఎలా పొందుపరచాలో తెలియజేయడం. చూపు లేనివారికి చిత్రంలోని విషయాన్ని మాటల ద్వారా అందించే పద్ధతిని పరిచయం చేయడం. చూసిన దానిని క్లుప్తంగా, నిర్దుష్టంగా వర్ణించే భాషా నైపుణ్యాన్ని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగ నేపథ్యం

ఒకప్పుడు ఛాయాచిత్రం తీయించుకోవడం ఇంటిల్లిపాదికీ వేడుక. ఆ చిత్రం ఇంటికి వచ్చిన తరువాత పెద్దలు దాని వెనుక సిరాతో పేర్లు, ఊరు, తేదీ వ్రాసి ఉంచేవారు. నేడు చేతిఫోను ప్రతి ఇంటిలోనూ ఉంది. ఒక్క పెళ్లిలోనే వందలకొద్దీ చిత్రాలు తీస్తున్నారు. కాని డిజిటల్ చిత్రానికి వెనుక వైపు లేదు. సిరాతో వ్రాసే ఆ రెండు పంక్తులకు మారుగా ఏర్పడిన సాంకేతిక ఏర్పాటును ఈ పాఠ్యభాగం వివరిస్తుంది. తెలుగువారికి సుపరిచితమైన ఒక దేవాలయ చిత్రాన్ని ఉదాహరణగా గ్రహించి పాఠం సాగుతుంది.

పాఠం

శాసనం నేర్పిన పద్ధతి

తెలంగాణలోని ములుగు జిల్లా పాలంపేట గ్రామంలో ఉన్న రామప్ప దేవాలయం కాకతీయుల శిల్పకళకు గొప్ప నిదర్శనం. దాని అసలు పేరు రుద్రేశ్వరాలయం. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి సేనాని రేచర్ల రుద్రుడు క్రీ.శ. 1213లో దానిని నిర్మింపజేశాడు. 2021 జూలైలో యునెస్కో ఈ ఆలయాన్ని ప్రపంచ వారసత్వ సంపదల జాబితాలో చేర్చింది. ఎనిమిది శతాబ్దాల కిందటి కట్టడాన్ని గురించి ఇంత నిర్దిష్టంగా చెప్పగలగడానికి అక్కడి శిలాశాసనమే ఆధారం. కట్టించినవాని పేరు, కాలం ఆ శాసనం చెప్పి ఉండకపోతే ఆలయ సౌందర్యం కంటికి కనిపించేదే గాని, దాని చరిత్ర ఊహలకు మిగిలిపోయేది.

పూర్వులు వస్తువుతోపాటు దాని వివరాన్ని కూడా భద్రపరచడంలో శ్రద్ధ చూపారు. శాసనాలలో శక సంవత్సరం, మాసం, తిథి, రాజు పేరు, దాత పేరు, దానం చేసిన భూమి ఎల్లలు చెక్కించేవారు. ప్రాచీన కవులు ఆశ్వాసం చివర ఒక గద్యలో తమ పేరు, తండ్రి పేరు, కావ్యం పేరు చెప్పుకునేవారు. ఏ కావ్యం ఎవరిదో నిర్ణయించడంలో సాహిత్య చరిత్రకారులకు ఈ ఆశ్వాసాంత గద్య ముఖ్యమైన ఆధారమైంది. తాటాకులపై గ్రంథాలకు నకలు వ్రాసిన లేఖకులు సైతం చివరి ఆకులో తమ పేరు, నకలు ముగిసిన సంవత్సరం, తిథి వ్రాసిన సందర్భాలు అనేకం ఉన్నాయి. ఈ మూడింటికీ ఉన్న సమాన ధర్మం ఒకటే: వివరం వస్తువును అంటిపెట్టుకొని ఉంటుంది. శాసనం గుడి దగ్గరే ఉంటుంది. కావ్యం ఏ ఊరికి చేరినా గద్య ఆ ఊరికి చేరుతుంది.

ఛాయాచిత్రకళ వచ్చిన తొలినాళ్లలోనూ ఈ పద్ధతి కొనసాగింది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ (1844-1905) సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పి కోటలను, రాజప్రాసాదాలను, దర్బారులను చిత్రించాడు. ఆయన చిత్రాలలో అనేకం నెగటివు మీదనే సంఖ్యను, శీర్షికను కలిగి ఉన్నాయి. 1989లో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం ఆయన గాజు నెగటివులు 2,857 సేకరించింది. వాటిలో కనిపించే భవనం ఏదో, వ్యక్తి ఎవరో తెలుసుకోవడంలో ఆ చిన్న వ్రాతలు పరిశోధకులకు చేయూతనిస్తాయి.

చిత్రం చెప్పలేనిది

రామప్ప ఆలయ చిత్రం ఒకటి ఎదుట ఉన్నదని భావించవచ్చు. ఎర్రరాతి గోడలు, చూరు కింద నల్లరాతి మదనికలు, ఎదుట నంది అందులో కనిపిస్తాయి. అది ఏ ఊరు, ఏ సంవత్సరం, తీసినది ఎవరు అన్న ప్రశ్నలకు మాత్రం ఆ చిత్రం సమాధానం చెప్పదు. అంతటి ప్రసిద్ధ ఆలయాన్ని చాలామంది గుర్తుపడతారు. గుర్తుపట్టినా ఒక చిక్కు మిగిలే ఉంటుంది. ఆ ఆలయం 2014 జూన్ 2కు ముందు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలోను, ఆ తరువాత తెలంగాణలోను ఉంది. 2016 అక్టోబరు వరకు వరంగల్ జిల్లాలోను, అప్పటి నుంచి జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోను, 2019 ఫిబ్రవరి నుంచి ములుగు జిల్లాలోను ఉంది. గుడి కదలలేదు, దాని చిరునామా మాత్రం ఐదేళ్లలో మూడుసార్లు మారింది. 'వరంగల్ జిల్లా' అని మాత్రమే వ్రాసి, తేదీ వ్రాయని పాత చిత్రం తరువాతి తరాన్ని తికమకపెడుతుంది. అందుచేత స్థలాన్ని వ్రాసినవారు కాలాన్ని కూడా వ్రాయడం అవసరం.

స్థలమే మారిపోయిన కట్టడాలు కూడా ఉన్నాయి. 1955 డిసెంబరులో నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. నాగార్జునకొండ లోయ మునిగిపోనున్నందున భారత పురావస్తు శాఖ 1954 నుంచి 1960 వరకు అక్కడ విస్తృతంగా తవ్వకాలు జరిపింది. ముఖ్యమైన కట్టడాలలో కొన్నింటిని కొండపైన, కొన్నింటిని జలాశయం ఒడ్డున ఉన్న అనుపు వద్ద తిరిగి నిర్మించారు. కనుక వాటిలో ఒకదాని చిత్రాన్ని చూసినప్పుడు అది లోయలో తీసినదా, పునర్నిర్మాణం తరువాత తీసినదా అన్న సందేహం కలుగుతుంది. రూపం ఒకటే, స్థలాలు రెండు. వెళ్లి పోల్చి చూడడానికి మూలస్థానం నేడు నీటి అడుగున ఉంది. చిత్రంతోపాటు స్థలం, తేదీ తెలిపే ఒక్క పంక్తి ఉంటేనే ఆ సందేహం తీరుతుంది.

ప్రసిద్ధ కట్టడాల విషయమే ఇట్లా ఉంటే సామాన్య కుటుంబ చిత్రాల సంగతి చెప్పనక్కరలేదు. ఊరి చెరువు గట్టు మీద నిలబడిన ముగ్గురి పేర్లు ఆ ఇంటి పెద్దవారికి తెలుసు. ఆ పెద్దవారు చెప్పగలిగిన కాలంలోనే వాటిని వ్రాసి ఉంచాలి. ఆ తరువాత అడిగి తెలుసుకోవడానికి ఎవరూ ఉండరు.

చిత్రంలో వ్రాతకు చోటు

డిజిటల్ చిత్రం ఒక దస్త్రం. దానిలో చిత్రానికి సంబంధించిన రంగుబిందువుల సమాచారం ఒక భాగం. ఆ చిత్రాన్ని గురించిన సమాచారం మరొక భాగం. ఈ రెండవ దానిని 'మెటాడేటా' అంటారు. కెమెరాలు, చేతిఫోన్లు ఎక్కువగా వాడే జేపెగ్ దస్త్రంలో మొదటి భాగంలోనే దీనికి ప్రత్యేకమైన అరలు ఉంటాయి. అక్కడ ఎన్ని మాటలు చేర్చినా చిత్రం రూపంలో గాని, రంగులో గాని మార్పు రాదు.

ఈ సమాచారాన్ని వ్రాయడానికి మూడు పద్ధతులు ప్రధానంగా వాడుకలో ఉన్నాయి. మొదటిది ఎగ్జిఫ్. 1995లో జపానులో రూపొందిన ఈ ప్రమాణాన్ని అనుసరించి కెమెరా తనంతట తానే తేదీ, సమయం, కెమెరా నమూనా, కాంతిని గ్రహించిన వ్యవధి మొదలైనవి వ్రాస్తుంది. చేతిఫోనులో అనుమతి ఇచ్చి ఉంటే అక్షాంశ రేఖాంశాలు కూడా చేరుతాయి. రెండవది ఐపిటిసి. 1965లో ఏర్పడిన అంతర్జాతీయ వార్తాసంస్థల సమాఖ్య పేరిట వచ్చిన ఈ పద్ధతి పత్రికారంగం కోసం పుట్టింది. శీర్షిక, వివరణ, తీసినవారి పేరు, ఊరు, దేశం, కీలకపదాలు, హక్కుదారు వంటి అంశాలను మనిషి తన చేతితో వ్రాయడానికి ఇందులో గళ్లు ఉన్నాయి. మూడవది ఎక్స్‌ఎంపి. దీనిని అడోబీ సంస్థ 2001లో ప్రవేశపెట్టింది. 2012లో ఇది అంతర్జాతీయ ప్రమాణమైంది. ఐపిటిసి గళ్లను నేడు ఎక్కువగా ఈ రూపంలోనే భద్రపరుస్తున్నారు.

తెలుగులో వ్రాసేవారికి ఈ మూడింటి తేడా తెలియడం అవసరం. తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991 నుంచి స్థానం ఉంది. యుటిఎఫ్-8 పద్ధతిలో ఆంగ్ల అక్షరానికి ఒక బైటు సరిపోతుంది. తెలుగులో ప్రతి అక్షరానికి, ప్రతి గుణింతపు గుర్తుకు మూడేసి బైట్లు కావాలి. ఐపిటిసి పాత పద్ధతిలో తీసినవారి పేరుకు కేటాయించిన గడి 32 బైట్లు మాత్రమే. 'రేచర్ల రుద్రుడు' అన్న పేరుకే 43 బైట్లు పడతాయి. అంటే రామప్ప ఆలయాన్ని కట్టించినవాని పేరు ఆ గడిలో పట్టదు. ఎగ్జిఫ్‌లోని చిత్ర వివరణ గడి ఆంగ్ల అక్షరాలకే ఉద్దేశింపబడింది. 2023లో వెలువడిన 3.0 సంచికలో గాని యుటిఎఫ్-8 అక్షరాలకు అనుమతి రాలేదు. ఎక్స్‌ఎంపి మొదటి నుంచి యూనికోడ్‌ను స్వీకరించింది. పైగా వివరణ గడిలో ఒకే విషయాన్ని తెలుగులో ఒకసారి, ఆంగ్లంలో ఒకసారి, భాష పేరును సూచిస్తూ విడివిడిగా ఉంచే వీలు అందులో ఉంది. అందుచేత తెలుగు వివరాలకు ఎక్స్‌ఎంపి తగిన ఆశ్రయం.

వివరాలు చేర్చడానికి ఉచిత సాధనాలు ఉన్నాయి. విండోస్ కంప్యూటరులో దస్త్రం లక్షణాలను తెరిచి 'డిటైల్స్' అన్న పుటలో శీర్షిక, కీలకపదాలు వ్రాయవచ్చు. డిజికామ్ అన్న ఉచిత సాఫ్ట్‌వేరులో ఐపిటిసి, ఎక్స్‌ఎంపి గళ్లన్నీ కనిపిస్తాయి. ఫిల్ హార్వే రూపొందించగా 2003 నుంచి లభిస్తున్న ఎగ్జిఫ్‌టూల్ ద్వారా వందలాది చిత్రాలకు ఒకేసారి వివరాలు చేర్చవచ్చు.

వివరణ వ్రాసేటప్పుడు నాలుగు ప్రశ్నలకు సమాధానం ఉండాలి: చిత్రంలో ఉన్నది ఏమిటి లేక ఎవరు? ఎక్కడ? ఎప్పుడు? తీసినది ఎవరు? మనుషులు ఉంటే 'ఎడమ నుంచి' అని వరుస సూచించాలి. తేదీ నిశ్చయంగా తెలియకపోతే 'సుమారు 1975' అని వ్రాయవచ్చు. తెలియనిదానిని తెలిసినట్లు వ్రాయరాదు. రామప్ప చిత్రానికి ఈ కింది విధంగా వివరణ వ్రాయవచ్చు.

మాదిరి వివరణ: "రామప్ప దేవాలయం (రుద్రేశ్వరాలయం), తూర్పు నుంచి కనిపించే దృశ్యం. పాలంపేట, ములుగు జిల్లా, తెలంగాణ. 2022 జనవరి, ఉదయం." తీసినవారి పేరు దానికి కేటాయించిన గడిలో విడిగా వ్రాయాలి.

చూపు లేని పాఠకుడు

పైన చెప్పిన వివరణ చిత్రాన్ని చూడగలవారికి ఉపయోగపడుతుంది. చూడలేనివారికి అది చాలదు. అందరికీ ఉన్న పాఠ్యపుస్తకాన్నే ఎలక్ట్రానిక్ రూపంలో చదివే ఒక అంధ విద్యార్థి స్థితిని ఆలోచించాలి. అతడు తెరచదువరి అనే సాఫ్ట్‌వేరు సాయంతో చదువుతాడు. అది తెరమీది అక్షరాలను కంఠస్వరంగా మారుస్తుంది. ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కర్రన్ 2006లో ప్రారంభించిన ఎన్‌విడిఎ ఇటువంటి ఉచిత సాఫ్ట్‌వేరు. ఆండ్రాయిడ్ చేతిఫోనులో టాక్‌బ్యాక్ ఇదే పని చేస్తుంది. రెండింటిలోనూ తెలుగు స్వరం వినే వీలుంది. పాఠం సాఫీగా వినిపిస్తూ ఉండగా మధ్యలో చిత్రం వస్తుంది. దానికి మాటలు లేకపోతే తెరచదువరి 'చిత్రం' అని ఊరుకుంటుంది; కొన్నిసార్లు దస్త్రానికి కెమెరా పెట్టిన అంకెల పేరును చదువుతుంది. తోటి విద్యార్థులు మదనిక శిల్పాన్ని చూసి ప్రశ్నకు జవాబు వ్రాస్తారు. అతనికి ఒక సంఖ్య మాత్రమే వినిపిస్తుంది. ఆ ప్రశ్నకు జవాబు వ్రాయలేకపోతే అది అతని తెలివికి సంబంధించిన లోపం కాదు, పుస్తకం తయారుచేసినవారి లోపం.

ఈ లోపాన్ని తీర్చేదే 'ఆల్ట్ టెక్స్ట్', అనగా ప్రత్యామ్నాయ పాఠం. వెబ్ పుటల భాష అయిన హెచ్‌టిఎమ్‌ఎల్‌లో 1995 నాటి రెండవ సంచికలోనే దీనికి స్థానం ఉంది. 1999లో వెలువడిన తొలి వెబ్ సౌలభ్య మార్గదర్శకాలు చిత్రాలకు సమానమైన పాఠం ఇవ్వడాన్ని మొట్టమొదటి సూత్రంగా పేర్కొన్నాయి. మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఎలక్ట్రానిక్ మాధ్యమాలలోని విషయం అందరికీ అందుబాటులో ఉండే రూపంలో ఉండేటట్లు ప్రభుత్వాలు చర్యలు తీసుకోవాలని నిర్దేశించింది. చాలాకాలం ప్రత్యామ్నాయ పాఠం వెబ్ పుటలో మాత్రమే ఉండేది. చిత్రాన్ని మరొక చోటికి తీసుకొనిపోతే అది వెంట వచ్చేది కాదు. 2021లో ఐపిటిసి దీనికి చిత్రం లోపలనే రెండు గళ్లను ఏర్పరచింది. ఒకటి క్లుప్తమైన పాఠానికి, రెండవది విస్తృతమైన వర్ణనకు. క్లుప్త పాఠం 250 అక్షరాలకు మించకపోవడం మంచిదని సూచించింది. అయితే అన్ని సాఫ్ట్‌వేరులూ ఈ గడిని చదివి తమంతట తాము పుటలో చేర్చవు. పుటను తయారుచేసేవారు అది చేరినదో లేదో సరిచూసుకోవాలి.

వివరణకు, ప్రత్యామ్నాయ పాఠానికి గల భేదాన్ని విద్యార్థులు స్పష్టంగా గ్రహించాలి. వివరణ చూడగలవారికి కనిపించనిదానిని చెబుతుంది. ప్రత్యామ్నాయ పాఠం చూడలేనివారికి కనిపించేదానిని చెబుతుంది. ఒకదానిని మరొకదాని స్థానంలో ఉంచితే ప్రయోజనం నెరవేరదు. రామప్ప చిత్రానికి ప్రత్యామ్నాయ పాఠం ఈ విధంగా ఉండవచ్చు.

మాదిరి ప్రత్యామ్నాయ పాఠం: "ఎత్తైన రాతి అరుగుపై ఎర్రరాతి గుడి. చూరు కింద వరుసగా, స్తంభాల నుంచి ముందుకు వాలిన నల్లరాతి స్త్రీమూర్తులు. గుడి ఎదుట గర్భగుడి వైపు చూస్తున్న నంది."

ఇందులో 'ఈ ఫోటోలో' అన్న మాట లేదు. ఎదుట ఉన్నది చిత్రమని తెరచదువరి ముందే చెబుతుంది కనుక ఆ మాట పునరుక్తి అవుతుంది. 'అద్భుతమైన', 'కనులపండువైన' వంటి విశేషణాలూ లేవు. అవి వ్రాసినవారి భావాన్ని తెలుపుతాయి గాని వినేవారికి రూపాన్ని ఇవ్వవు. 'నల్లరాతి' అన్న ఒక్క మాట ఎర్రరాతి గోడల నడుమ ఆ శిల్పాలు ఎట్లా వేరుగా కనిపిస్తాయో తెలుపుతుంది. చిత్రంలో అక్షరాలు ఉంటే వాటిని తప్పక వ్రాయాలి. కేవలం అలంకారం కోసం వేసిన లతలు, అంచుల వంటి బొమ్మలకు పుటలో ఖాళీ ప్రత్యామ్నాయ పాఠం ఇవ్వాలి. అప్పుడు తెరచదువరి వాటిని వదలి ముందుకు సాగుతుంది.

సందర్భాన్ని బట్టి ప్రత్యామ్నాయ పాఠం మారుతుంది. శిల్పకళను గురించిన పాఠంలో అదే చిత్రం ఉంటే మదనిక నిలిచిన భంగిమను, ధరించిన ఆభరణాలను వర్ణించాలి. యాత్రికుల కరపత్రంలో ఉంటే మెట్లు, దారి ప్రధానమవుతాయి. 'ఈ చిత్రంలోని ఆలయం ఏది?' అని ప్రశ్నపత్రంలో అడిగినప్పుడు ఆలయం పేరు వ్రాయరాదు. చూడగలిగినవారికి లభించే ఆనవాళ్లను మాత్రమే వ్రాయాలి. అప్పుడే పరీక్ష అందరికీ సమానమవుతుంది.

తెలుగులో ప్రత్యామ్నాయ పాఠం వ్రాసేవారు మరికొన్ని మెలకువలు పాటించాలి. యూనికోడ్ కాని పాత డిటిపి ఫాంట్లలో వ్రాసిన తెలుగు కంటికి తెలుగుగా కనిపించినా, తెరచదువరికి అర్థంలేని ఆంగ్ల అక్షరాలుగా వినిపిస్తుంది. తెలుగు మాటలను ఆంగ్ల లిపిలో వ్రాస్తే ఉచ్చారణ చెడిపోతుంది. పుట భాష తెలుగు అని హెచ్‌టిఎమ్‌ఎల్‌లో సూచించకపోతే తెరచదువరి తగిన స్వరాన్ని ఎన్నుకోలేకపోవచ్చు.

పాటించవలసిన జాగ్రత్తలు

కెమెరా వ్రాసిన తేదీని గుడ్డిగా నమ్మరాదు. 1960లో తీసిన కాగితపు చిత్రాన్ని 2024లో స్కాన్ చేస్తే దస్త్రంలో 2024 అనే తేదీ చేరుతుంది. చిత్రం తీసిన అసలు తేదీని ఐపిటిసిలో దానికి ఉన్న గడిలో విడిగా వ్రాయాలి.

వ్రాసిన వివరాలు అన్ని వేళలా నిలుస్తాయనుకోరాదు. అనేక సామాజిక మాధ్యమాలు చిత్రాన్ని కుదించే సమయంలో మెటాడేటాను తొలగిస్తాయి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే వివరాలు పోతాయి. డాక్యుమెంటుగా పంపితే నిలుస్తాయి. అందుచేత మూల దస్త్రాన్ని వివరాలతో సహా కనీసం రెండు చోట్ల భద్రపరచుకోవడం ఉత్తమం.

ఏ వివరం చేర్చాలో తెలిసినట్లే ఏది చేర్చకూడదో కూడా తెలియాలి. ఇంటి వద్ద తీసిన చిత్రంలోని అక్షాంశ రేఖాంశాలు ఆ ఇంటి చిరునామాతో సమానం. బహిరంగంగా ఉంచే చిత్రాలలో వాటిని తొలగించాలి. పిల్లల పేర్లు, పాఠశాల పేరు కలిపి వ్రాయరాదు.

ప్రస్తుతం కృత్రిమ మేధ చిత్రాన్ని చూసి వర్ణన వ్రాయగలుగుతున్నది. ఫేస్‌బుక్ 2016లోనే ఇటువంటి ఏర్పాటును ప్రవేశపెట్టింది. తొలి చిత్తుప్రతిగా ఇది ఉపయోగపడుతుంది. రామప్ప వంటి ప్రసిద్ధ ఆలయాన్ని యంత్రం పేరుతో సహా గుర్తించవచ్చు. ఊరి చెరువు గట్టు మీద నిలబడిన ముగ్గురిని 'ముగ్గురు మనుషులు' అని మాత్రమే అది చెప్పగలదు. వారిలో ఒకరు ఆ చెరువుకు పూడిక తీయించిన పెద్ద అని చెప్పవలసినది ఆ ఊరివారే. యంత్రం ఇచ్చిన వాక్యాన్ని మనిషి సరిచూడకుండా ఉంచడం తగదు.

ఒక చిత్రానికి వివరణ, ప్రత్యామ్నాయ పాఠం వ్రాయడానికి కొద్ది నిమిషాలు చాలు. పాలంపేట శాసనాన్ని చెక్కిన శిల్పి పనితో పోలిస్తే అది స్వల్పమైన శ్రమ. ప్రతి విద్యార్థి తన ఇంటిలోని పాత చిత్రాలలో పదింటిని ఎన్నుకొని, పెద్దలను అడిగి, పేర్లు, ఊళ్లు, సంవత్సరాలు వ్రాసి ఉంచితే ఆ కుటుంబ చరిత్రలో కొంత భాగం నిలుస్తుంది. కళాశాల వార్షిక సంచికలోని చిత్రాలకు ప్రత్యామ్నాయ పాఠం చేరిస్తే ఆ సంచిక చూపు లేని విద్యార్థికి కూడా సొంతమవుతుంది.

కఠిన పదాలకు అర్థాలు

నిదర్శనం = ఉదాహరణ, దృష్టాంతం
నిర్దిష్టంగా = ఇది అని నిశ్చయించి చెప్పినట్లు
నిర్దుష్టంగా = దోషం లేకుండా
ఆశ్వాసం = కావ్యంలోని ఒక భాగం
లేఖకుడు = వ్రాసేవాడు, నకలు తీసేవాడు
మదనిక = ఆలయ స్తంభాలను, చూరును ఆనుకొని ఉండే స్త్రీమూర్తి
దస్త్రం = ఫైలు
పునరుక్తి = చెప్పినదానినే మళ్లీ చెప్పడం
ప్రత్యామ్నాయం = ఒకదానికి బదులుగా ఉండేది
తెరచదువరి = తెరమీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేరు

అభ్యాసం

I. సందర్భసహిత వ్యాఖ్యలు వ్రాయండి.
1. వివరం వస్తువును అంటిపెట్టుకొని ఉంటుంది.
2. రూపం ఒకటే, స్థలాలు రెండు.
3. అతనికి ఒక సంఖ్య మాత్రమే వినిపిస్తుంది.

II. ఈ కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.
1. వస్తువుతోపాటు దాని వివరాన్ని భద్రపరచడంలో పూర్వులు పాటించిన పద్ధతులను తెలిపి, డిజిటల్ చిత్రాలకు అవి ఎట్లా వర్తిస్తాయో వివరించండి.
2. వివరణకు, ప్రత్యామ్నాయ పాఠానికి గల భేదాన్ని సోదాహరణంగా చర్చించండి.

III. సంక్షిప్త సమాధానాలు వ్రాయండి.
1. చిత్రానికి స్థలంతోపాటు తేదీ కూడా వ్రాయడం ఎందుకు అవసరం?
2. తెలుగు వివరాలకు ఎక్స్‌ఎంపి తగిన ఆశ్రయమని ఎందుకు చెప్పవచ్చు?
3. ప్రశ్నపత్రంలోని చిత్రానికి ప్రత్యామ్నాయ పాఠం వ్రాసేటప్పుడు ఏ జాగ్రత్త పాటించాలి?

IV. ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. రుద్రేశ్వరాలయాన్ని నిర్మింపజేసినది ఎవరు?
2. రాజా దీన్‌దయాళ్ ఎవరి ఆస్థాన ఛాయాచిత్రకారుడు?
3. ఐపిటిసి ప్రత్యామ్నాయ పాఠానికి చిత్రంలో గళ్లను ఏ సంవత్సరంలో ఏర్పరచింది?

V. సంధులు
దేవాలయం = దేవ + ఆలయం – సవర్ణదీర్ఘ సంధి
ఆశ్వాసాంతం = ఆశ్వాస + అంతం – సవర్ణదీర్ఘ సంధి
రుద్రేశ్వరుడు = రుద్ర + ఈశ్వరుడు – గుణసంధి
ప్రత్యేకం = ప్రతి + ఏకం – యణాదేశ సంధి

VI. సమాసాలు
శిలాశాసనం = శిలయందు శాసనం – సప్తమీ తత్పురుష సమాసం
అక్షర రక్ష = అక్షరముచేత రక్ష – తృతీయా తత్పురుష సమాసం
నాలుగు ప్రశ్నలు = నాలుగైన ప్రశ్నలు – ద్విగు సమాసం
అక్షాంశ రేఖాంశాలు = అక్షాంశమును, రేఖాంశమును – ద్వంద్వ సమాసం

VII. భాషా కార్యకలాపం
మీ ఊరిలోని ఒక గుడి, మసీదు, చర్చి, చెరువు లేదా గ్రంథాలయం చిత్రాన్ని తీసి, దానికి మూడు వాక్యాలలో వివరణ, 250 అక్షరాలకు మించకుండా ప్రత్యామ్నాయ పాఠం వ్రాయండి. చిత్రాన్ని చూపకుండా ప్రత్యామ్నాయ పాఠాన్ని మాత్రమే తరగతిలో చదివి వినిపించండి. విన్నవారు ఊహించుకున్న రూపాన్ని చెప్పిన తరువాత చిత్రాన్ని చూపి, వ్రాతలో విడిచిపోయినది ఏమిటో చర్చించండి.